మేత బీడు - విషపు మొక్కలు - పొత్తు మర్యాద

పాడి పశువు కొనుగోలుకు గాని, గొర్రెల పెంపకానికి గాని, బండి గుర్రానికి గాని రుణం మంజూరు చేసే సందర్భంలో బ్యాంకు క్షేత్రాధికారి అనేక వివరాలు సేకరిస్తాడు. పశువు వయస్సు, ఈతల సంఖ్య, పాల దిగుబడి, కొట్టం వసతి, పాల కేంద్రం ఎంత దూరంలో ఉన్నదీ, బీమా చేయించినదీ లేనిదీ - ఇవన్నీ దరఖాస్తులో చోటు చేసుకుంటాయి. మేత విషయానికి వచ్చేసరికి మాత్రం "గ్రామ బీడులో మేపుకొనును" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టడం పరిపాటి. ఆ బీడు విస్తీర్ణం ఎంత, అందులో గడ్డి ఎంత, కలుపు ఎంత, ఇప్పటికే ఎన్ని మందలు దానిపై ఆధారపడి ఉన్నాయి అన్న ప్రశ్నలు సాధారణంగా తలెత్తవు. రుణం తీరవలసిన పాలు, ఉన్ని, మాంసం, బండి కూలి అన్నీ ఆ ఒక్క వాక్యం మీదనే నిలిచి ఉన్నాయి.

కోస్తాలో మేత పోరంబోకు అనీ, తెలంగాణలో బంచరాయి అనీ పిలిచే ఈ ఉమ్మడి భూములకు నేడు రెండు చీడలు పట్టాయి. ఒకటి, విషపు మొక్కలు. రెండు, పొత్తు మర్యాద పాటించని భాగస్వాములు. ఈ రెండింటినీ వేర్వేరు సమస్యలుగా చూడడం వల్లనే పరిష్కారం దొరకడం లేదు. ఒకదానిని తొలగించకుండా రెండవదానిని తొలగించడం సాధ్యం కాదన్న విషయాన్ని ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

విషపు మొక్క ఎందుకు పెరుగుతుంది?

పశువు మేసేటప్పుడు ఎంపిక చేసుకుంటుంది. తీపి గడ్డిని ముందుగా తింటుంది; చేదు మొక్కను, వాసన గల మొక్కను విడిచిపెడుతుంది. కనుక ప్రతి మేతలోనూ మంచి గడ్డి తరుగుతుంది, చెడ్డ మొక్క మిగిలి విత్తనం రాల్చుతుంది. గడ్డికి కొంతకాలం విశ్రాంతి లభిస్తే వేరులో దాచుకున్న శక్తితో తిరిగి చిగురించి నేలను కప్పివేస్తుంది. విశ్రాంతి లేకుండా మొదలంటా మేపితే వేరు బలహీనపడి చస్తుంది, నేల బట్టతల వలె బయటపడుతుంది. కలుపు విత్తనానికి కావలసినది ఆ ఖాళీ నేలే.

ఆ తరువాత రెండవ దశ ప్రారంభమవుతుంది. గడ్డి తగ్గినందున పశువు ఆకలితో ఉంటుంది. ఆకలిగొన్న పశువు మామూలుగా ముట్టని మొక్కను కూడా కొరుకుతుంది. ముఖ్యంగా మూడు సందర్భాలలో ప్రమాదం ఎక్కువ. తొలకరిలో గడ్డి కంటె ముందుగా కలుపు పచ్చబడినప్పుడు. వర్షాకాలం నడుమ దీర్ఘమైన బెట్ట వచ్చినప్పుడు. పరాయి ప్రాంతపు సంతలో కొన్న కొత్త పశువును బీడులోకి తోలినప్పుడు. ఈ మూడవ సందర్భాన్ని రుణగ్రహీతలు ప్రత్యేకంగా గమనించాలి. ఊరి పశువుకు ఊరి మొక్కలు తెలుసు. కొత్త పశువుకు తెలియవు. అప్పు తెచ్చి కొన్న పశువే ఎక్కువ అపాయంలో ఉంటుందన్నమాట.

గుర్తించవలసిన మొక్కలు

వయ్యారిభామ: కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. అమెరికా ఖండానికి చెందిన ఈ మొక్కను మన దేశంలో 1950వ దశకం మధ్యలో పూణే పరిసరాలలో గుర్తించారు. నేడు ఇది లేని ఊరు లేదు. ఒక్కొక్క మొక్క వేలాది విత్తనాలు రాల్చుతుంది. ఇందులోని పార్థెనిన్ అనే పదార్థం మనుషులకు చర్మవ్యాధులను, దీని పుప్పొడి ఆయాసాన్ని కలిగిస్తాయి. మేతతోపాటు దీనిని తిన్న పశువు పాలు చేదుగా మారతాయి. ఎక్కువగా తింటే నోటిలోను, ప్రేగులలోను పుండ్లు ఏర్పడతాయి.

లాంటానా: తలంబ్రాల చెట్టు అనీ, పులికంప అనీ కొన్ని చోట్ల పిలుస్తారు. రంగురంగుల పూలగుత్తులతో చూడడానికి అందంగా ఉంటుంది. దీని ఆకు కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తిన్న పశువుకు మలబద్ధకం, పచ్చకామెర్లు వస్తాయి. వెలుతురు సోకిన చోట, ముఖ్యంగా తెల్లని చర్మం గల భాగాలలో, చర్మం వాచి పగిలిపోతుంది.

లొట్టపీసు: పిచ్చి తూటికాడ అని కూడా వ్యవహారం. చెరువు గట్ల మీద, కాలువల వెంట గుబురుగా పెరిగి లేత ఊదారంగు పూలు పూస్తుంది. దీని విషం నిదానంగా పనిచేస్తుంది. కొద్దిరోజులు తిన్న మేక దీనికి అలవాటుపడి, మంచి మేత ఉన్నా దీనినే వెదుక్కుంటుంది. వారాల తరబడి తిన్న పిమ్మట నడక తప్పడం, తల వణకడం, చిక్కిపోవడం కనిపిస్తాయి. కాపరులు దీనిని పోషకాహార లోపమని భ్రమపడి నట్టల మందుతో కాలయాపన చేస్తుంటారు.

గన్నేరు, పచ్చగన్నేరు: రెండూ గుండెపై పనిచేసే తీవ్రమైన విషాలు. కొద్దిపాటి ఆకులే పెద్ద పశువు ప్రాణం తీయగలవు. పచ్చి ఆకు చేదు కనుక పశువు సాధారణంగా ముట్టదు. ఎండిన ఆకులో చేదు తెలియదు గాని విషం మాత్రం తగ్గదు. పెరటి గన్నేరు కొమ్మలు నరికి బీడులో పారవేయడం ఎంతటి ప్రమాదమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఆముదం: గింజలో అతి తీవ్రమైన విషం ఉంటుంది, ఆకూ నిరపాయకరం కాదు. ఆముదం కోసిన చేలలోకి మందను తోలేటప్పుడు, నూనె తీసిన పిండిని ఎరువుగా నిలువ చేసిన చోట పశువులను కట్టేటప్పుడు జాగ్రత్త వహించాలి.

జొన్న: ఇది కలుపు కాదు, మంచి మేత. అయినప్పటికీ లేత జొన్నలో, బెట్టకు వాడిన జొన్నలో, కోత అనంతరం మోళ్ల నుంచి వచ్చిన పిలకలలో హైడ్రోసయనిక్ ఆమ్లం తయారవుతుంది. దీనినే రైతులు "నాము" అంటారు. నాము సోకిన పశువు నిమిషాలలో కూలబడుతుంది. బీడు అంచున ఉన్న చేలో పిలక జొన్న ఉన్నప్పుడు ఒక్క పశువు గట్టు దాటినా నష్టమే. పూత దశ దాటిన పిమ్మటనే జొన్నను మేపాలి.

గిలిగిచ్చ: జనుము జాతికి చెందిన అడవి మొక్క. ఎండిన కాయను కదిపితే గిలక వలె చప్పుడు చేస్తుంది. దీనిలోని క్షారాలు కాలేయాన్ని క్రమంగా పాడుచేస్తాయి. గొర్రెలు, మేకలు కొంతవరకు తట్టుకుంటాయి. గుర్రాలు, ఆవులు తట్టుకోలేవు.

గుర్రం, గాడిద గల కుటుంబాలకు

వివాహ ఊరేగింపులకు గుర్రాలను పోషించే కుటుంబాలు, బట్టీల వద్ద ఇటుకలు మోయించే కుటుంబాలు, జట్కా బండ్లు నడిపే కొద్దిమంది నేటికీ ఉమ్మడి బీడునే నమ్ముకొని ఉన్నారు. "ఆవు తిన్నది గుర్రమూ తింటుంది" అనుకోవడం సరికాదు. ఆవుకు నెమరు పొట్ట ఉన్నది. కొన్ని విషాలు అక్కడి సూక్ష్మజీవుల వల్ల విరుగుతాయి. గుర్రానికి ఆ వసతి లేదు. అంతేకాదు, గుర్రం వాంతి చేసుకోలేదు; లోపలికి పోయినది బయటకు రాదు.

పశుగ్రాసంగా ప్రచారం పొందిన సుబాబుల్ ఇందుకు మంచి ఉదాహరణ. అందులోని మైమోసిన్ వల్ల గుర్రానికి జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. ఆవులు, గేదెలకు కూడా మేతలో మూడవ వంతుకు మించకుండా ఇవ్వాలి. జొన్న, సూడాన్ గడ్డి మేతగా ఇచ్చినప్పుడు గుర్రాలకు మూత్రాశయ వ్యాధి, వెనుక కాళ్ల పట్టు తప్పడం సంభవించవచ్చు. ఆముదపు గింజకు అన్ని పశువుల కంటె గుర్రమే త్వరగా లొంగుతుంది. గిలిగిచ్చ జాతి మొక్కల వల్ల ఉత్తర ఆస్ట్రేలియాలో గుర్రాలు గమ్యం లేకుండా నడుస్తూ చనిపోయేవి. అక్కడివారు దానికి "నడక వ్యాధి" అని పేరు పెట్టారు. అదే తరహా విషం గల ర్యాగ్‌వర్ట్ అనే పసుపు పూల మొక్క బ్రిటన్‌లో గుర్రాల బీళ్లకు శత్రువు. అది వ్యాపించకుండా తొలగించవలసిందిగా భూమి అనుభవదారును ఆదేశించే అధికారం 1959 నాటి చట్టం ద్వారా అక్కడి ప్రభుత్వానికి లభించింది. ఒకరి నిర్లక్ష్యం పొరుగువాని పశువును చంపుతుందన్న సత్యాన్ని ఆ చట్టం గుర్తించింది.

గుర్రానికి మరొక స్వభావం ఉన్నది. తాను పేడ వేసిన చోట మేయదు. మిగిలిన చోట పై పళ్లతోను, క్రింది పళ్లతోను మొదలంటా కొరుకుతుంది. అందువల్ల బీడులో ఒక ప్రక్క నున్నటి నేల, మరొక ప్రక్క కలుపు గుబురు ఏర్పడతాయి. గుర్రాలతోపాటు ఆవులను వంతులవారీగా మేపితే గుర్రం విడిచిన గడ్డిని ఆవు తింటుంది. ఒకదాని నట్టలు చాలావరకు మరొకదానికి సోకవు. పేడను వారానికొకసారి ఎత్తి ఎరువు గుంతకు చేర్చడం మంచిది.

విషం సోకినదని అనుమానం కలిగినప్పుడు

పశువు హఠాత్తుగా కూలబడినా, నురుగు కక్కినా, వణికినా, ఒకే మందలో రెండు మూడు పశువులకు ఒకేసారి జబ్బు చేసినా ముందుగా మిగిలిన మందను ఆ చోటు నుంచి తప్పించాలి. వెంటనే పశువైద్యునికి కబురు చేయాలి. సంచార పశువైద్య వాహనం కొరకు 1962 నంబరుకు ఫోను చేయవచ్చు. నాముకు సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు సూదిమందులు ఉన్నాయి. వైద్యుడు సకాలంలో వస్తే పశువు బ్రతుకుతుంది. వణుకుతున్న పశువుకు గొట్టంతో నూనె, చింతపండు రసం, మజ్జిగ పట్టించరాదు. అవి ఊపిరితిత్తులలోకి పోయి, విషం చంపని పశువును మనమే చంపినట్లవుతుంది. లాంటానా తిన్న పశువును చీకటి కొట్టంలో, కనీసం దట్టమైన నీడలో కట్టివేయాలి. తిన్నదని అనుమానించిన మొక్కను వేరుతో సహా పీకి వైద్యునికి చూపాలి. చికిత్సకు ఇది మొదటి ఆధారం, బీమా పరిహారానికి కూడా ఉపకరిస్తుంది.

తొలగించే పద్ధతి

వయ్యారిభామను పూతకు రాకముందే, వర్షం పడి నేల మెత్తగా ఉన్న రోజులలో, వేరుతో సహా పీకాలి. చేతులకు తొడుగు గాని గుడ్డ గాని, ముక్కుకు అడ్డుగా తువ్వాలు గాని తప్పనిసరి. ఆయాసం, చర్మవ్యాధి గలవారు ఈ పనికి దూరంగా ఉండాలి. పూతకు ముందు పీకిన మొక్కలతో గుంతలో కంపోస్టు చేసుకోవచ్చు. విత్తనం పట్టిన మొక్కను పెంటకుప్పలో వేస్తే ఎరువుతోపాటు చేనంతా విత్తినట్లవుతుంది. విత్తనం నేలలో కొన్ని సంవత్సరాలు నిలువ ఉంటుంది కనుక ఒక్క ఏడాది పీకి ఊరుకుంటే ప్రయోజనం లేదు. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ ఏటా ఆగస్టు నెలలో వయ్యారిభామ నిర్మూలన వారోత్సవం నిర్వహిస్తున్నది. ఊరంతా కలిసి పనిచేయడానికి అది అనువైన అదను.

ఈ మొక్క ఆకులను మాత్రమే తిని బ్రతికే జైగోగ్రామా అనే మెక్సికో పెంకు పురుగును 1984లో బెంగళూరులో విడుదల చేశారు. లేత పసుపు వన్నె రెక్కలపై గోధుమరంగు చారలు గల ఈ చిన్న పురుగు వానాకాలంలో చురుకుగా పనిచేస్తుంది. మీ బీడులో అది కనిపిస్తే పురుగుమందు చల్లి చంపుకోకండి; లేని చోటికి కొన్నింటిని తెచ్చి విడిచిపెట్టండి.

కలుపు మందుల విషయంలో రెండు జాగ్రత్తలు. మొదటిది, మందు చల్లిన విషపు మొక్క వాడిపోయే దశలో పశువుకు మునుపటి కంటె రుచిగా తోచవచ్చు. కాబట్టి మొక్క పూర్తిగా ఎండి, దానిని తొలగించేవరకు ఆ భాగంలో మేపరాదు. రెండవది, వ్యవసాయాధికారి సలహా లేకుండా దుకాణదారు మాట మీద మందు కొనరాదు.

పీకిన చోటును ఖాళీగా వదలడం మరల కలుపును ఆహ్వానించడమే. తొలకరిలోనే అంజన్ గడ్డి, స్టైలో వంటి వర్షాధార మేతలను చల్లాలి. బీడు అంచుల వెంట తంగేడు పెరగనిస్తే వయ్యారిభామ వ్యాప్తి కొంతవరకు తగ్గుతుంది. ఇందుకే కసివిందను కూడా చల్లమని కొందరు చెబుతారు. రోడ్ల ప్రక్కన ఫరవాలేదు గాని మేత బీడులో అది తగదు. కసివింద గింజలు పశువుల కండరాలను, కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఒక విషాన్ని తీసి మరొక విషాన్ని నాటినట్లు కాకూడదు.

పొత్తులో లెక్క

ఇక రెండవ చీడను చూద్దాం. ఒక ఊరికి 40 ఎకరాల బీడు ఉన్నదనుకుందాం. క్షీణించిన వర్షాధార భూమి గనుక ఎకరానికి ఏడాదికి 400 కిలోల ఎండు మేత వస్తుందనుకుందాం. అందులో సగం గడ్డి తిరిగి పెరగడానికి వదలాలి. మేయదగినది ఎకరానికి 200 కిలోలు, మొత్తం 8,000 కిలోలు. 300 కిలోల బరువు గల ఆవు రోజుకు సుమారు ఏడున్నర కిలోల ఎండు మేత తింటుంది. అయిదు గొర్రెలు ఒక ఆవుతో సమానమని లెక్క. 20 ఆవులు, 100 గొర్రెలు ఉంటే 40 ఆవులతో సమానం. అవి రోజుకు 300 కిలోలు తింటాయి. బీడు 26 రోజులకు సరిపోతుంది. ఇంకొకరు 100 గొర్రెలు అదనంగా తోలితే 17 రోజులకే అయిపోతుంది. మిగిలిన రోజులలో జరిగేది మేత కాదు. వచ్చే ఏడాది గడ్డి వేళ్లను తినడం.

గొర్రెలు చేర్చిన మనిషి చెడ్డవాడు కానక్కరలేదు. అతనికి వచ్చే లాభం అంతా అతనిదే. నష్టం ఊరందరికీ పంచబడుతుంది. అతనికి దక్కే నష్టపు వాటా స్వల్పం కనుక అతని లెక్క అతనికి సరిగానే తోస్తుంది. అందరూ అదే లెక్క వేసినప్పుడు బీడు నశిస్తుంది. కలుపు పీకే విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఒకడు పీకితే ఫలితం అందరిదీ, శ్రమ మాత్రం అతనిది. అందుకే పెద్దలు "పదిమందిలో పాము చావదు" అన్నారు.

గ్రామాలలో తరచుగా కనిపించే అమర్యాదలు ఇవి: లెక్కకు మించి మందను తోలడం, మూసివేసిన భాగంలో రాత్రివేళ మేపడం, పెరటి గన్నేరు కొమ్మలు, పురుగుమందు డబ్బాలు బీడులో పారవేయడం, ఎండుగడ్డికి నిప్పు పెట్టడం, ఏటా ఒక చాలు చొప్పున గట్టు జరుపుకొని బీడును చేనులో కలుపుకోవడం, పొరుగూరి మందకు సొంతంగా సొమ్ము తీసుకొని అనుమతి ఇవ్వడం. వీటిలో ప్రతి ఒక్కటీ గడ్డిని తగ్గించేదే, విషపు మొక్కకు చోటు కల్పించేదే.

తగవు లేకుండా కట్టుబాటు

ఇటువంటివారితో ఎలా వ్యవహరించాలి? మొదటి మాట తగవు కాకూడదు, కొలత కావాలి. తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు చేసి బీడును సర్వే చేయించండి, హద్దురాళ్లు పాతించండి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం మేత భూములను, కళ్లాలను, పశువులు నిలిచే స్థలాలను గ్రామ పంచాయతీకి దఖలుపరచింది. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించవలసిందిగా 2011 జనవరి 28న సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. కనుక బీడు ఎవరిదీ కాదన్న వాదనకు చట్టంలో తావు లేదు.

రెండవది, ఇంటింటి పశువుల జాబితా. దానిని పంచాయతీ గోడపై అతికించండి. ఎవరి మంద ఎంత అన్నది అందరికీ తెలిసినప్పుడు సగం అమర్యాద సిగ్గుతోనే ఆగిపోతుంది. మూడవది, బీడును మూడు భాగాలు చేసి వంతులవారీగా ఒక భాగానికి విశ్రాంతి ఇవ్వడం. తొలకరి అనంతరం గడ్డి నిలదొక్కుకొనేవరకు మొత్తం బీడును మూసివేయడం మరింత మేలు. నాలుగవది, శ్రమలో వాటా. మేపే ప్రతి కుటుంబమూ పశువుల సంఖ్యను బట్టి కలుపు తీతకు రోజులు కేటాయించాలి. రాలేనివారు కూలి చెల్లించాలి. అయిదవది, ఊరు నియమించి, ఊరు జీతమిచ్చి, ఊరికే జవాబు చెప్పే ఒక కాపలాదారు.

జరిమానా మెట్టుమెట్టుగా ఉండాలి. మొదటిసారి మందలింపు, రెండవసారి చిన్న మొత్తం, మూడవసారి బందెలదొడ్డి. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం కాలం నుంచి ఉన్న బందెలదొడ్డి నేడు చాలా ఊళ్లలో మొండిగోడలుగా మిగిలింది. దానిని బాగుచేయించడం పెద్ద ఖర్చు కాదు. ఉమ్మడి వనరులపై జీవితకాలం పరిశోధించి 2009లో నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రమ్ వివిధ దేశాలలో దీర్ఘకాలం నిలిచిన కట్టుబాట్లను పరిశీలించారు. స్పష్టమైన హద్దులు, ఊరివారే చేసుకున్న నియమాలు, ఊరికి జవాబుదారీ అయిన కాపలా, తప్పును బట్టి పెరిగే శిక్ష, తక్కువ ఖర్చుతో తగవు తీర్చే వేదిక - ఇవి ఆమె గుర్తించిన ముఖ్య లక్షణాలలో ఉన్నాయి. మన పెద్దల రచ్చబండకు ఇవి కొత్త విషయాలు కావు.

ఒక హెచ్చరిక. కట్టుబాటు పేరుతో పేదవాని మేకను మాత్రమే తరిమివేసే ఊళ్లు ఉన్నాయి. సొంత పొలం గలవారికి గట్ల మీద గడ్డి, కుప్పలో చొప్ప ఉంటాయి. పొలం లేనివారికి బీడు ఒక్కటే ఆధారం. వారికి నష్టం కలిగించే నియమాన్ని వారు పాటించరు, పాటించమని అడిగే నైతిక హక్కు కూడా మనకు ఉండదు. వలస మందలను కూడా శత్రువులుగా చూడనక్కరలేదు. చేలలో మంద కట్టించుకొని ఎరువు పొందే ఆచారం మనకు పూర్వం నుంచి ఉన్నదే. వచ్చే నెల, ఉండే రోజులు, చెల్లించే రుసుము ముందుగా పంచాయతీలో నిర్ణయించి, ఆ సొమ్మును బీడుకే ఖర్చు చేస్తే చాలు.

సుఖోమాజ్రీ చెప్పే పాఠం

హర్యానాలో శివాలిక్ కొండల పాదాన సుఖోమాజ్రీ అనే చిన్న గ్రామం ఉన్నది. 1970వ దశకంలో ఆ ఊరి పశువులు కొండను మేసి బోడి చేయగా, కొట్టుకుపోయిన మట్టి చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సును పూడ్చివేయసాగింది. ముళ్లకంచెలు, కాపలాలు ఫలించలేదు. శాస్త్రవేత్త పి.ఆర్.మిశ్రా ఆధ్వర్యంలో కొండ క్రింద చిన్న ఆనకట్టలు కట్టి ఊరికి నీరిచ్చారు. దానికి బదులుగా గ్రామస్థులు కొండపై పశువులను వదలబోమని ఒప్పుకున్నారు. ఈ ఒప్పందం నిలబడడానికి కారణం, భూమి లేని కుటుంబాలకు కూడా నీటిలో వాటా ఇవ్వడమే. తమకు అక్కరలేని నీటివాటాను వారు ఇతరులకు ఇచ్చి ప్రతిఫలం పొందవచ్చు. కొండపై గడ్డి తిరిగి పెరిగింది. ఊరివారు దానిని కోసి తెచ్చుకున్నారు. మేకలు తగ్గి గేదెలు పెరిగాయి. ఈ ఏర్పాటుకే "సామాజిక కంచె" అన్న పేరు వచ్చింది. ముళ్లకంచెను ఒక్క గొడ్డలి దెబ్బతో తెంచవచ్చు. అందరికీ వాటా ఉన్న కంచెను తెంచడానికి ఎవరికీ చేయి రాదు.

రుణగ్రహీతకు, బ్యాంకుకు

2019 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యం పశుపోషణకు కూడా వర్తిస్తున్నది. మేత, దాణా, వైద్యం వంటి నిర్వహణ ఖర్చులకు దీనిని వినియోగించుకోవచ్చు. బీడు మూసి ఉంచే నెలలలో ఎండుమేత కొనడానికి రుణపరిమితిలో కొంత భాగం కేటాయించుకోండి. ఆ నెలలలో చేతిలో సొమ్ము లేకపోవడం వల్లనే చాలామంది కట్టుబాటు తప్పుతున్నారు. కొత్త పశువును మొదటి పది రోజులు ఇంటివద్దనే మేపి, పిమ్మట కడుపు నిండిన స్థితిలో, ఊరి పశువుల వెంట బీడుకు అలవాటు చేయండి. బీమా పాలసీలో విషం వల్ల కలిగే మరణం గురించి ఏమి వ్రాశారో సంతకానికి ముందే చదివించుకోండి. చెవిపోగు ఊడిపోతే వెంటనే తెలియజేసి తిరిగి వేయించండి. చెవిపోగు లేనిదే పరిహారం రాదు. పశువు చనిపోతే పూడ్చక ముందే బ్యాంకుకు, బీమా సంస్థకు తెలిపి, శవపరీక్ష చేయించి ధృవపత్రం తీసుకోండి.

బ్యాంకు శాఖలు కూడా ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఒకే ఊరిలో ఒకే ఏడాది పది గొర్రెల యూనిట్లు మంజూరు చేసినప్పుడు, యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 210 జీవాలు బీడులోకి వస్తాయి. ప్రతి యూనిట్ కాగితం మీద లాభసాటిగానే ఉంటుంది. పదీ కలిస్తే పది కుటుంబాలూ నష్టపోతాయి. ఆ స్థితిలో బ్యాంకు కూడా మర్యాద తప్పిన పొత్తుదారే అవుతుంది. కనుక మంజూరుకు ముందు ఊరి బీడును నడిచి చూడడం, మేత లెక్క వేయడం, పంచాయతీ కట్టుబాటు ఉన్నదో లేదో విచారించడం క్షేత్రాధికారి విధి. కట్టుబాటు లేని ఊరిలో గొర్రెల యూనిట్ల సంఖ్యను తగ్గించి, కోసి తెచ్చే మేతపై ఆధారపడే పాడికి ప్రాధాన్యమివ్వడం వివేకం.

పాఠకులు ఈ తొలకరికి ముందు ఒక ఆదివారం తమ ఊరి బీడును ఒకసారి చుట్టిరాగలరు. పైన వివరించిన మొక్కలలో ఎన్ని ఉన్నాయో వ్రాసుకోండి. హద్దురాళ్లు ఎక్కడివక్కడ ఉన్నాయో లేదో చూడండి. ఆ కాగితాన్ని రాబోయే గ్రామసభలో చదివి వినిపించండి. నేడు వంద మొక్కలుగా ఉన్న వయ్యారిభామ పూసి విత్తనం రాల్చిన పిమ్మట లక్షల మొక్కలవుతుంది. ఈ పని వాయిదా వేయరానిది.